మంచినీళ్ల వీడియో, నా నాలుగు లైన్లు

నేను టెక్కలిలో ఒక దినపత్రికకు ముప్పై ఏళ్లకు పైగా విలేకరిగా పనిచేసి రెండేళ్ల కిందట మానేశాను. మానేశానన్న మాటే గానీ, పొద్దున కళ్లు తెరవగానే చెయ్యి ఫోను కోసం తడుముతుంది. ఏ ఊళ్లో ఏం జరిగిందో తెలియకపోతే కాఫీ సహించదు. తెలిస్తే ఇంట్లో నిలవలేను. బండి తీసి కాశీబుగ్గ దాకా వెళ్తాను. అక్కడికి చేరాక, నన్నెవరూ వార్త అడగలేదని గుర్తొస్తుంది. టీ తాగి వెనక్కి వస్తాను. “కుదురుగా కూర్చోవడం మీకు ఉద్యోగంలో ఎవరూ నేర్పలేదు” అంటుంది మా ఆవిడ. నిజమే. ఇప్పుడూ రావడం లేదు.

ఈ కుదురులేనితనంలో సగం అలవాటు. మిగతా సగానికి కారణం ఒక మంచినీళ్ల ప్లాంటు, ఒక వీడియో, అరగంటలో నేను కొట్టి పంపిన నాలుగు లైన్లు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు కొందరు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి, పాత రోజులు ఎలా ఉండేవని అడుగుతుంటారు. పాత రోజుల గొప్పలు వినాలని వస్తారు. నేను చెప్పాలనుకునేది అది కాదు. ఎప్పుడు కంట్రిబ్యూటర్‌నయ్యాను, ఎప్పుడు స్టాఫ్‌లోకి తీసుకున్నారు, ఏ సభలో శాలువా కప్పారు, ఇవన్నీ వదిలేస్తున్నాను. అవి మీకు పనికిరావు. పెద్దగా నాకూ పనికిరాలేదు.

అచ్చులో చనిపోయిన పోలయ్య

ముందు ఒక పాత తప్పు చెప్పాలి. తప్పులు ఫోన్లతోనే పుట్టాయని ఎవరూ అనుకోకూడదు.

నేను చేరిన కొత్తలో, భావనపాడు దిక్కున సముద్రంలో ఒక తెప్ప బోల్తా పడింది. నలుగురు వేటకు వెళ్లారు, ముగ్గురు ఒడ్డుకు చేరారు. నాలుగోవాడి పేరు పోలయ్య. నేను వెళ్లేసరికి ఒడ్డున అతని భార్య ఇసుకలో పడి ఏడుస్తోంది. ఆ ఏడుపు చూశాక ఇంకేం అడగాలనిపించలేదు. ‘గల్లంతు’ అని రాయాల్సిన చోట ‘మృతి’ అని రాసి పంపాను. జిల్లా పేజీలో పెద్ద హెడ్డింగుతో వచ్చింది. అది అచ్చయిన రోజే పోలయ్య ఇంకో ఊరివాళ్ల పడవలో క్షేమంగా ఇంటికి చేరాడు.

రెండు రోజుల తర్వాత పేపరు చంకలో పెట్టుకుని టెక్కలిలో మా ఇంటికే వచ్చాడు. “బాబూ, మీరేనేటి ఇలేకరి?” అని అడిగి, పేపరు నా ముందు పరిచాడు. కోప్పడలేదు. “మా అత్త ఈ పేపరు ఇనీసి ఊర్నుంచి ఏడ్సుకుంటూ వచ్చినాది. గుమ్మంలో నన్ను సూసి దడుసుకుని పడిపోనాది” అన్నాడు. సవరణ వేయిస్తానని మాటిచ్చాను. వేయించాను కూడా. లోపలి పేజీలో, ఓ మూలన, అగ్గిపెట్టెంత. పోలయ్య ఆ పేపరు కూడా పట్టుకుని మళ్లీ వచ్చాడు.

“సచ్చిపోనానని ఇంతేసి అచ్చరాలేసినారు. బతికున్నానని ఏసినప్పుడు ఇంత సిన్నవెందుకు బాబూ? బతికుండడం తక్కువ పనేటి?”

ఆ ప్రశ్న మోసుకుని శ్రీకాకుళం డెస్కుకి వెళ్లాను. అప్పట్లో మా జిల్లా పేజీ చూసే ఉపసంపాదకుణ్ణి అందరం పంతులు గారనేవాళ్లం. నాకు ఈ పనిలో అక్షరాభ్యాసం చేసింది ఆయనే. పేర్లు రెండుసార్లు అడిగి రాసుకోమని, మనిషి ఫోనుకి దొరక్కపోతే మళ్లీ చెయ్యమని, అప్పటికీ దొరక్కపోతే కాళ్లకు పని చెప్పమని నేర్పినవాడు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, “సవరణ పెద్దగా వేస్తే మనం తప్పు చేశామని అందరికీ తెలిసిపోదుటయ్యా?” అన్నారు. ఆయన్ని నేను చాలా గౌరవించేవాణ్ణి. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆయన తప్పు. ఆ రోజు ఆ మాట ఆయనతో అనలేకపోవడం నా తప్పు.

మా ఊళ్లో పేపరు చదవడం మారిన తీరు

అప్పట్లో పాఠకుడికి మా మీద ఉన్న ఆశలు తక్కువ. తన పేరు ఇంటిపేరుతో సహా సరిగ్గా రావాలి. ఫొటోలో మొహం తెలియాలి. నిన్న జరిగింది ఇవాళ తెలిస్తే చాలు. టెక్కలి బస్టాండు దగ్గర టీ బడ్డీలో ఒకరు పైకి చదివితే పదిమంది వినేవారు. నచ్చనిది రాస్తే వారం తర్వాత సంతలో కనిపించినప్పుడు నిలదీసేవారు. ఆ వారంలో వాళ్ల కోపం కొంత చల్లారేది, నా పొగరు కొంత దిగేది.

తర్వాత ఫోన్లు వచ్చాయి. ఒక తుపాను మర్నాడు పొద్దున్నే కొబ్బరి చెట్లు అడ్డంగా పడిన దారిలో, బండి వదిలేసి నడుచుకుంటూ ఒక ఊరు చేరాను. మోకాళ్ల దాకా బురద. నన్ను చూసి జనం ఎదురొస్తారనుకున్నాను. ఒక పెద్దాయన అరుగు మీద నుంచి కదలకుండా, “ఇప్పుడొచ్చినారేటి బాబూ? మా వోళ్లు తెల్లారక ముందే ఎట్టీసినారు, సూణ్ణేదా?” అన్నాడు. అవమానంగా అనిపించింది. ఆయన ఫోనులో చూపిస్తే చూశాను. నేను మధ్యాహ్నానికి రాయబోయేదంతా అందులో ఉంది. నేను రాయలేనిది కూడా ఉంది. ఒక ముసలమ్మ కూలిన జీడిచెట్టు మొదలు పట్టుకుని, చెట్టుతోనే మాట్లాడుతోంది.

ఆ వీడియో తీసింది ఢిల్లేశు. పూర్తి పేరు ఢిల్లేశ్వరరావు, ముప్పై ఏళ్లు దాటినవాడు. చెన్నైలో కొన్నాళ్లు కట్టడం పనులు చేసి, నడుము దెబ్బతిని తిరిగొచ్చాడు. ఒక ఫోను, దాన్ని బిగించే ఒక కర్ర పెట్టుకుని యూట్యూబ్ ఛానెల్ నడుపుతున్నాడు. అతని గొంతులో ‘ఏటి’ ఏటిగానే ఉంటుంది. నేను ముప్పై ఏళ్లపాటు వీళ్ల మాటల్లోని ప్రతి ‘ఏటి’నీ ‘ఏమిటి’ చేసి పంపాను. ‘సెప్పినాడు’ను ‘తెలిపారు’ చేశాను. అది మర్యాద అనుకున్నాను. ఢిల్లేశు వీడియోల కింద హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి మావాళ్లు రాసే మాటలు చదివాక నాకు తెలిసింది, వాళ్లు ఇన్నాళ్లూ తమ మాట తమలాగే ఎవరైనా పలికితే వినాలని ఎదురుచూశారని. ఇది ఒప్పుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది.

అయితే ఇంకో మార్పు కూడా వచ్చింది. జీడిపప్పు ధర పడిపోయిందని రాస్తే, “అది సరే సార్, మీరు ఏ పక్కో సెప్పండి” అనడం మొదలుపెట్టారు. రెండు పక్షాలూ రాస్తే పిరికివాడన్నారు. ఆలస్యం చేస్తే అమ్ముడుపోయాడన్నారు. ఏమీ రాయకపోతే దాచాడన్నారు. ఈ మూడు మాటలకూ భయపడుతూనే నా చివరి ఏళ్లు గడిచాయి. ఆ భయంలో ఉన్నప్పుడే ఆ వీడియో వచ్చింది.

అరగంట

వజ్రపుకొత్తూరు దిక్కున ఉద్దానంలో ఒక ఊరు. పేరు రాయను, ఆ ఊరి పేరు ఇప్పటికే చాలా తిరిగింది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి కనిపించదు. ఎందుకొస్తోందో తేలక, జనం నీళ్లనే అనుమానించి భయపడుతూ బతుకుతున్నారు. అందుకే ఆ ఊళ్లో నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు పెట్టినప్పుడు పండగలా చేసుకున్నారు. ఆ ప్రారంభానికి నేను వెళ్లాను. ప్లాంటు నడపడానికి కూర్మారావు అనే అతన్ని పెట్టారు. నలభై ఏళ్ల మనిషి, నెమ్మదస్తుడు. ఆ రోజు నాకు యంత్రమంతా తిప్పి చూపించి తన నంబరు ఇచ్చాడు. నా ఫోనులో ‘కూర్మారావు, నీళ్లు’ అని రాసుకున్నాను.

ఒక వేసవి పొద్దున ఒకేసారి ఐదారుగురి నుంచి నాకు ఒకే వీడియో వచ్చింది. ప్లాంటు కిటికీలోంచి ఎవరో తీశారు. మూతికి గుడ్డ కట్టుకున్న మనిషి, లేబుల్ లేని తెల్ల డబ్బాలోంచి ఏదో ద్రవం తొట్టెలో పోస్తున్నాడు. పోసే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపే కొంప ముంచింది. దాని మీద ఎవరో ‘మన నీళ్లలో ఏం కలుపుతున్నారో చూడండి’ అని రాశారు. గుడ్డ ఉన్నా నేను పోల్చుకున్నాను, కూర్మారావే.

నేను చొక్కా వేసుకుంటుండగా ఫోను మోగింది. శ్రీకాకుళం ఆఫీసులో డిజిటల్ విభాగం చూసే మాధవి. మా పేపరు యాప్ అంతా ఆమె చేతిలో ఉండేది.

“సార్, మీ ఏరియా వీడియో చూశారా? అరగంటలో నాలుగు లైన్లు కావాలి.”

“వెళ్తున్నానమ్మా. చూసొచ్చి రాస్తాను. గంటన్నర పడుతుంది.”

“గంటన్నరా? అందరూ పెట్టేశారు సార్. మనం కలిపారని చెప్పట్లేదు. వీడియో వైరల్ అవుతోందని చెబుతున్నాం. అది నిజమే కదా?”

నిజమే. ఆ క్షణానికి అందులో నాకు తప్పు కనిపించలేదు. మాధవిని విలన్‌ని చెయ్యడం నాకిష్టం లేదు. ఆమె కూర్చునే చోట గోడ మీద పెద్ద తెర ఉంటుంది. ఏ వార్త ఎంతమంది చదువుతున్నారో ఆ తెర క్షణక్షణం చూపిస్తుంటుంది. దాని ముందు రోజంతా కూర్చుంటే నేనూ అలాగే మాట్లాడేవాణ్ణి.

కూర్మారావుకి ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చెయ్యలేదు. చొక్కా సగం వేసుకుని మంచం అంచున కూర్చుని నాలుగు లైన్లు కొట్టాను. పైన ‘తాగునీటిలో రసాయనాలు?’ అని పెట్టాను. చివర ప్రశ్నార్థకం ఉంది కాబట్టి నేను ఏదీ తేల్చి చెప్పలేదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. పంపేసి బండి తీశాను.

“ఒక్కపాలే సేసినారు”

నౌపడ దాటి ఉప్పుమళ్ల పక్క నుంచి పూండి మీదుగా వెళ్తుంటే దారిలో రెండుసార్లు ఫోను మోగింది. తియ్యలేదు. ఎండ అప్పటికే మాడ్చేస్తోంది. నా వార్త అప్పటికి యాప్‌లో పడి ఉంటుందని లెక్కేసుకుంటూ, అందరికంటే ముందు పెట్టారా లేదా అని ఆలోచిస్తూ నడిపాను. ఆ దారిలో నా మనసు ఏం ఆలోచించిందో దాచకుండా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

ప్లాంటు ముందు ఊరంతా ఉంది. తలుపుకి తాళం. బయట నీళ్ల టిన్నులు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. జనంలో ముందు నిలబడి దమయంతి అనే ఆవిడ అరుస్తోంది. ఆమె భర్త కిడ్నీ జబ్బుతోనే పోయాడని నాకు తెలుసు, ఆ వార్త నేనే రాశాను. నన్ను చూడగానే, “రాండి బాబూ రాండి, మీరొక్కలే నిజం రాసినారు” అంటూ ఫోను నా మొహం మీద పెట్టింది. తెర మీద నా హెడ్డింగు ఉంది.

“మా ఇంట్లో ఒకడు పోనాడు. ఇప్పుడు నా పిల్లకి కూడా మందెట్టీసినాడు ఈడు!”

కూర్మారావు పంచాయతీ ఆఫీసు వెనక గదిలో ఉన్నాడు. చొక్కా చిరిగి, పెదవి పగిలి, గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. పక్కన ఢిల్లేశు ఒక గ్లాసుతో నీళ్లు పట్టుకుని నిలబడ్డాడు. కూర్మారావు ఆ నీళ్లు ముట్టుకోలేదు.

అతను చెప్పింది చిన్న విషయం. యంత్రం లోపల నీళ్లను వడకట్టే పొరలు ఉంటాయి. వాటి మీద ఉప్పు, సున్నం పేరుకోకుండా ఒక మందు కొలిచి వేస్తారు. ఆ మందు చెడు నీళ్లతో పాటు బయటికి పోతుంది. ఘాటుగా ఉంటుంది కాబట్టి మూతికి గుడ్డ. పెద్ద క్యానులోంచి చిన్న డబ్బాలో పోసుకున్నాడు కాబట్టి లేబుల్ లేదు. వెనక్కి ఎందుకు చూశాడంటే, ఎవరో కుళాయి తిప్పిన చప్పుడైంది.

ప్లాంటు పెట్టిన రోజే ఇదంతా అతను నాకు చూపించాడు. అంటే నాకు తెలుసు. తెలిసీ గుర్తు చేసుకోవడానికి నాకు అరగంట సరిపోలేదు.

“నాకొక్కసారి ఫోను సెయ్యలేపోనారా బాబూ?” అన్నాడు కూర్మారావు.

“చేశాను కూర్మారావూ. నువ్వు ఎత్తలేదు.”

అతను జేబులోంచి ఫోను తీసి, మిస్డ్ కాల్స్ పైకి జరుపుతూ నా పేరు దగ్గర ఆపాడు. “ఒక్కపాలే సేసినారు” అన్నాడు, ఒక వేలు చూపిస్తూ. “మా బావమరిది పద్నాలుగు పాలు సేసినాడు. ఆడు ఇలేకరి కాదు.”

ఢిల్లేశుని బయటికి పిలిచి కోపమంతా అతని మీద చూపించాను. ఆ వీడియో అతను తియ్యలేదు గానీ, తన ఛానెల్లో వేసింది నిజం. అంతా విని అతను నెమ్మదిగా అన్నాడు: “తప్పే సార్. నాను ఏసినాను. జనం వచ్చినారు, అరిసినారు. అరుపులే అప్పుటికి. మీది వచ్చినాక, పేపరోళ్లు కూడా రాసీసినారహో అన్నారు. అప్పుడే సెయ్యి లేసినాది. నా మాట మీద కొట్టలేదు సార్ ఆణ్ణి.”

ఆ మాట ఇప్పటికీ రోజులో ఏదో ఒక వేళ, బండి నడుపుతున్నప్పుడో, గడ్డం గీసుకుంటున్నప్పుడో వచ్చి నన్ను నిలబెడుతుంది. మాకు విలువ పోయిందని, జనం మమ్మల్ని నమ్మడం లేదని మేమంతా సభల్లో బాధపడుతుంటాం. ఆ రోజు ఆ ఊరు మమ్మల్ని నమ్మింది. నమ్మి ఒక మనిషిని కొట్టింది.

సబ్బు

అక్కణ్ణుంచే మాధవికి ఫోను చేసి జరిగింది చెప్పాను. ఆమె గొంతు తగ్గిపోయింది. వెంటనే వార్త తీసేస్తానంది. వద్దన్నాను. తీసేస్తే మనం రాయనట్టే ఉంటుంది, అదే చోట, అదే సైజులో ‘మేం తప్పు రాశాం’ అని వెయ్యమన్నాను. “వేస్తాను సార్. కానీ ఎవరూ చూడరు” అంది. వేసింది. పంతులు గారు చెయ్యని పని ఆమె చేసింది, ఆ మాట చెప్పుకోవాలి. ఆమె చెప్పినట్టే ఎవరూ చూడలేదు కూడా. పోలయ్యకి చిన్న అక్షరాలు దక్కాయి. కూర్మారావుకి పెద్ద అక్షరాలే వేశాం, చదివే కళ్లు లేవు.

అధికారులు వచ్చి నీళ్లు పట్టుకెళ్లి పరీక్ష చేయించారు. బాగున్నాయని కాగితం ఇచ్చారు. ఆ కాగితం ప్లాంటు తలుపుకి అంటించారు. ఒక్కరూ టిన్ను పట్టుకుని రాలేదు. ఏళ్ల తరబడి తాగడానికి భయపడి వదిలేసిన బోరునీళ్లే మళ్లీ మోసుకున్నారు. దమయంతి కూడా. చిన్నపిల్ల ఉన్న ఇంట్లో ఆ బోరునీళ్లు పొయ్యడం చూసి నాకు ఆందోళన పట్టుకుంది. రోజూ వెళ్లేవాణ్ణి. ఇంటింటికీ తిరిగి చెప్పాను. తలలూపేవారు. అంతే.

చివరికి ఢిల్లేశే అన్నాడు. “మీరు సెప్పినా నమ్మరు, నాను సెప్పినా నమ్మరు సార్. కూర్మారావన్ననే సెప్పనీండి. అడిగినోళ్లని అడగనీండి. లైవు ఎడదాం, పొద్దున్నే, ప్లాంటులోనే.”

నాకు నచ్చలేదు. దెబ్బలు తిన్న మనిషిని మళ్లీ జనం ముందు నిలబెట్టడమేమిటన్నాను. కూర్మారావు మాత్రం ఒప్పుకున్నాడు. “ఎలాగూ సూసీసినారు కదా బాబూ, సివరిదాకా సూడనీండి” అన్నాడు.

మొదటి రోజు జనం గుమ్మం బయటే నిలబడ్డారు. ఢిల్లేశు ఫోను కర్రకి బిగించాడు. కూర్మారావు వాచిన పెదవితో ఒక్కో గొట్టం చూపిస్తూ, ఏ నీళ్లు ఎటు పోతాయో చెప్పాడు. పాడైపోయిన పాత పొర ఒకటి విప్పి, దాని మీద గట్టిపడిన తెల్లటి పెంకు గోటితో గీకి చూపించాడు. ఫోనులో కింద నుంచి మాటలు వరుసగా వస్తున్నాయి. సగం ప్రశ్నలు, సగం తిట్లు. ‘వాణ్ణి ఇంకా వదిలేశారేంటి, ఇంకో రెండు వెయ్యండి’ అని ఎవడో రాశాడు. వాడు ఏ ఊరివాడో, ఉద్దానం ఎటుందో కూడా తెలియనివాడై ఉంటాడు.

దమయంతి జనాన్ని తోసుకుని లోపలికొచ్చింది.

“అంత మంచి మందయితే, ఇప్పుడు అందరి ముందూ తాగు. తాగితే నమ్ముతాను.”

నాకు తాగుతాడేమోనని భయం, తాగకపోతే ఏమవుతుందోనని భయం. కూర్మారావు డబ్బా వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు.

“తాగనమ్మా. మందు తాగేది కాదు. నువ్వు సబ్బెట్టి గిన్నెలు తోముతావు కదా, ఆ గిన్నెలోనే నీ పిల్లకి గెంజి పోత్తావు. అలాగని సబ్బు తింతావేటి?”

గుమ్మం దగ్గర ఒక ముసలమ్మ ఫక్కున నవ్వింది. తర్వాత ఇంకొందరు. దమయంతి నవ్వలేదు. ఆ రోజు వెళ్లిపోయింది. మర్నాడు వచ్చి ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగింది, అన్నీ గట్టివి. అందులో రెండు నాకు ముప్పై ఏళ్లలో తట్టనివి. మూడో రోజు టిన్ను తెచ్చి కుళాయి కింద పెట్టింది. ఆమె వెనక మిగతావాళ్లు.

ఇక్కడ నేను నేర్చుకున్నది ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు చెబుతున్నాను. జనానికి ఓపిక పోయిందని, పొడుగు వార్త చదవరని అందరూ అంటారు. మూడు పొద్దులు ఎండలో నిలబడి గొట్టాల గురించి విన్నారు కదా. వాళ్లకి కావలసింది తమ ప్రశ్న తామే అడగడం, జవాబు చెప్పేవాడి మొహం చూడడం. ఇన్నేళ్లూ మేం వాళ్ల తరఫున అడుగుతున్నామనుకుని, వాళ్లని అడగనివ్వలేదు. పేపరు కింద మా ఫోను నంబరు వెయ్యడానికి కూడా భయపడ్డాం.

మీరు వార్త పంపే ముందు ఆ మనిషికి రెండోసారి ఫోను చెయ్యండి. మూడోసారి కూడా. హెడ్డింగు చివర ప్రశ్నార్థకం పెట్టాలనిపిస్తే, ఆ ప్రశ్న అడగాల్సింది పాఠకుణ్ణి కాదు, అక్కడికి వెళ్లి మీరే అడగాలి. వైరల్ అవుతోందన్నది వార్త కాదు. అందరూ అరుస్తున్నారని చెప్పడం అది, అంతే. ఇంతకు మించి నా దగ్గర సూత్రాలేవీ లేవు. ఈ మూడూ నాకు ముందే తెలుసు. తెలిసినా చెయ్యలేదు కదా, కాబట్టి తెలియడం ఒక్కటే చాలదు.

దీన్ని మంచి కథలా ముగించి చెప్పుకోవచ్చు. చాలా సభల్లో అలా చెప్పమని అడిగారు. చెప్పలేను. దమయంతి టిన్ను నింపుకున్న రోజు ఢిల్లేశు లైవు చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. “గొడవైపోనాక ఎవుడు సూత్తాడు సార్?” అన్నాడతను, ఫోను కర్ర నుంచి విప్పుతూ. అతని గొంతులో కొంచెం దిగులుంది. ఆ దిగులు కూర్మారావు కోసమో, చూసేవాళ్లు తగ్గినందుకో నాకు తెలియలేదు. అతనికీ తెలియదేమో.

మూలపేట దారిలో

కూర్మారావు ఆ తర్వాత కొన్ని నెలలే ప్లాంటు నడిపాడు. డబ్బా చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ కిటికీలో ఎవరిదో ఒక ఫోను లేచేది. చెడ్డగా ఏమీ కాదు, అతను ఇప్పుడు అందరికీ తెలిసిన మనిషి, అందుకు తీసేవారు. “మందు కొలిసి పొయ్యాల బాబూ. సెయ్యి వొణికితే ఎలాగ?” అన్నాడు నాతో. మానేసే ముందు నెల రోజులు కూర్చుని పని మొత్తం దమయంతికి నేర్పాడు. ఇప్పుడు ప్లాంటు నడిపేది ఆవిడే. మందు పోసేటప్పుడు కిటికీ తెరిచి, వచ్చినవాళ్లకి తనే పిలిచి చూపిస్తుందట.

పోయిన నెల ఏ పనీ లేకుండానే మూలపేట వైపు వెళ్లాను. పోర్టు పనులు జరిగే దారిలో ఒక టీ బడ్డీ దగ్గర కూర్మారావు కనిపించాడు. అక్కడ ఒక కాంట్రాక్టరు కింద నీటి పంపులు చూస్తున్నాడట. కొంచెం లావయ్యాడు. ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. ప్లాంటు సంగతి నేను ఎత్తలేదు. అతనే ఎత్తాడు.

“ఆ ఈడియో ఇంకా తిరుగుతాది బాబూ. ఎండాకాలం వత్తే సాలు, కొత్త ఊరి పేరెట్టి పంపుతారు. మొన్న గుంటూరు దిక్కు ఊరి పేరెట్టినారు.”

“నీకెలా తెలుసు?”

“నాకే వచ్చినాది. నా పక్కన పనిసేసే వోడు, సిన్నవోడు, మంచివోడే. టిఫిను తింతుంటే ఫోను నా ముందెట్టి, సూడన్నా ఈ నా కొడుకుని, ఇలాటోళ్లని ఏటి సెయ్యాల, అన్నాడు. మూతికి గుడ్డుంది కదా, పోల్సుకోలేదు.”

“నువ్వేమన్నావు?”

“ఇదెక్కడిదో కనుక్కున్నావేటి తమ్ముడూ, అన్నాను. నేదన్నా, అందరూ పంపుతున్నారు, నిజమే అవుద్ది, అన్నాడు.”

“అది నేనేనని చెప్పలేకపోయావా? జరిగింది చెబితే వినేవాడు కదా.”

కూర్మారావు గ్లాసులో మిగిలిన టీ కింద పారబోసి, నా వైపు తిరిగాడు.

“సెప్తే ఫోను తీసి నా మొకాన ఎట్టి ఈడియో తీత్తాడు బాబూ.”